మిగిలినామె కేక

మా పని గురించి బయట మాట్లాడకూడదని సంతకం పెట్టించుకున్నారు. ఇప్పుడు ఆ పని లేదు. ఆ సంతకం ఇంకా చెల్లుతుందో లేదో తెలియదు. అయినా చెబుతాను.

పిల్లలు ఫోన్లలో ఆడే తుపాకుల ఆటలు ఏ వయసు వాళ్ళు ఆడవచ్చో తేల్చే ఆఫీసు అది. ఆట ఏదైనా బజారులోకి రాకముందు అక్కడికి రావాలి. పై అంతస్తులో చదువుకున్నవాళ్ళు కూర్చుని రక్తం ఉందా, ఉంటే ఏ రంగులో ఉంది, తెగిన చెయ్యి తెర మీద ఎంతసేపు కనిపిస్తుంది అని చూస్తారు. దాని కింది అంతస్తులో మా గది. అక్కడ ఆటలు తెలియనివాళ్ళే కూర్చోవాలి. అందుకే నన్ను తీసుకున్నారు. తుపాకీ అంటే పోలీసు నడుముకు వేలాడేది అని తప్ప నాకేమీ తెలియదు.

మేము ఐదుగురం. నా పక్క కుర్చీలో బస్సు నడిపి రిటైరైన డ్రైవరన్నయ్య. అటు పక్క టైలరమ్మ. వెనక వరసలో ఒక పంతులమ్మ, ఒక మందుల షాపాయన. ప్రతి కుర్చీ చేతి మీద ఒక మీట ఉండేది. లైట్లు ఆర్పి ఆట నడుస్తున్న వీడియో వేసేవారు. చూస్తుంటే ఒళ్ళు ఉలిక్కిపడినా, కడుపులో తిప్పినా మీట నొక్కి వదలాలి. ఆలోచించకూడదు. పక్కవాళ్ళను చూడకూడదు. ఒకేచోట ముగ్గురు నొక్కితే ఆ ఆట పదహారేళ్ళు దాటినవాళ్ళకు. ముగ్గురు కాకపోతే పన్నెండేళ్ళ పిల్లలకు కూడా.

ఎక్కడైనా అనుభవం వస్తే గౌరవం పెరుగుతుంది. అక్కడ అనుభవం వస్తే ఉద్యోగం పోతుంది. రోజూ తలలు తెగడం చూస్తుంటే మనిషికి అలవాటైపోతుంది, వేలు కదలదు. దాన్ని మా ఆఫీసులో ‘చెయ్యి చల్లబడటం’ అనేవారు. ఫలానా ఆయన చెయ్యి చల్లబడిందట అన్నారంటే ఆ కుర్చీలోకి కొత్త మనిషి వస్తున్నట్టే.

ఆ రోజు వీడియో మొదలుపెట్టకముందే మా సూపర్‌వైజరు నన్ను పక్కకు పిలిచాడు. మాటకు ముందు ‘ఉష్’ అనడం ఆయన అలవాటు. అందరం ఉష్ సారు అనేవాళ్ళం.

“అమ్మా, ఏమీ అనుకోకండి. పోయిన ఆటలో మీ మీట ఒక్కసారి కూడా పలకలేదు.”

“అందులో ఏముంది సార్, అందరూ రాక్షసులేగా.”

“రాక్షసులైనా మెడ కోశారు కదమ్మా. పంతులమ్మగారు వాంతి చేసుకున్నారు.”

నిజమే, కోశారు. అప్పుడు నేను దండెం మీద ఆరేసిన దుప్పటి తడిసిపోతుందేమోనని ఆలోచిస్తున్నాను. ఆ మాట ఆయనతో అనలేదు.

“ఈసారి చూసుకుంటాను సార్.”

“చూసుకుని నొక్కకూడదమ్మా, దానంతట అది రావాలి,” అన్నాడు ఉష్ సారు, జాలిగానే.

నేను వచ్చి కూర్చోగానే టైలరమ్మ నా వైపు వంగింది. “ఏంటి వదినా, క్లాసు పీకాడా?”

“నా చెయ్యి చల్లగా ఉందేమోనని పట్టుకు చూశాడు.”

“ఆయన చెయ్యి పట్టుకునేవాళ్ళు లేక మనమీద పడ్డాడు,” అంది. డ్రైవరన్నయ్య గట్టిగా నవ్వాడు. చీకట్లోంచి ‘ఉష్’ వినిపించింది.

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. చిన్నప్పటి నుంచి దానికి ఎవరి గొంతు ఒక్కసారి విన్నా దింపేయడం అలవాటు. కూరగాయలవాడి అరుపు, పక్కింటావిడ దగ్గు, వాళ్ళ మేనత్త ముక్కుతో దీర్ఘం తీయడం. వాళ్ళ నాన్న దాన్ని చిలక అనేవాడు. ఆ చిలకే పెద్దదై గొంతుతో బతుకుతోంది. లిఫ్టుల్లో ‘తలుపులు మూసుకుంటున్నాయి’ అనే గొంతు మా చిలకదే. మా ఆఫీసు లిఫ్టులోనూ అదే. రోజూ పనికి వెళ్ళేటప్పుడు నా కూతురు నా వెనక తలుపు వేసేది.

ఈమధ్య ఏదో స్టూడియోలో పెద్ద పని దొరికిందని, ఏ పనో చెప్పకూడదని సంతకం పెట్టానని అంది. నేనూ అలాంటి సంతకమే పెట్టాను కాబట్టి అడగలేదు. ఒక ఇంట్లో రెండు సంతకాలు. భోజనాల దగ్గర ఇద్దరం ఎండ గురించీ వాన గురించీ మాట్లాడుకునేవాళ్ళం.

లైట్లు ఆరాయి. ఆ రోజు ఆటలో ఒక దీవి. జంటలు జంటలుగా పడవ దిగి ఒకరినొకరు వేటాడతారు. చివరికి ఏ జంట మిగిలితే ఆ జంటది గెలుపు. రక్తం చుక్క కూడా లేదు. గుండు తగిలినవాడు పూలరేకులై రాలిపోతాడు.

“బాగుంది, శవం మోసే బాధ లేదు,” అని డ్రైవరన్నయ్య గొణిగాడు.

కాసేపటికి ఒక జంటలో మగవాడికి గుండు తగిలింది. రేకులు రాలాయి. అతని పక్కనున్న ఆడమనిషి వెనక్కి తిరిగింది. చూసింది. కేక పెట్టింది.

ఆ కేకలో మాట లేదు. నీళ్ళు మింగినట్టు అడుగున మొదలై, పైకి లేచి, అక్కడ గుడ్డ చిరిగినట్టు చిరిగింది. మధ్యలో ఠక్కున ఆగింది. మళ్ళీ అందుకుంది.

ఆ చిరిగిన చోటు నాకు తెలుసు. ఉయ్యాల మీంచి పడి మోకాలు పగిలినప్పుడు అమ్మా అని పిలిచిన గొంతు కూడా సరిగ్గా అక్కడే చిరిగింది. అది నా కూతురి గొంతు.

నా వేలు మీట మీద పడింది. ఈసారి దానంతట అదే పడింది. ఉష్ సారు కోరుకున్నట్టే.

కానీ లేవలేదు.

తెర మీద శత్రువు ఆ కేక విని పొదలు తప్పించుకుంటూ వస్తున్నాడు. ఆ ఆటలో కిటుకే అది. జంట పోయిన మనిషి కేక పెట్టక మానదు, కేక పెడితే ఎక్కడుందో తెలిసిపోతుంది. వాడు వచ్చాడు, కాల్చాడు, ఆమె కూడా రేకులైంది. నా వేలు అలాగే ఉంది. డ్రైవరన్నయ్య నా మణికట్టు తట్టాడు. “చెల్లెమ్మా, వేలు తియ్యి.”

లైట్లు వెలిగాయి. ఉష్ సారు తన బల్ల మీది యంత్రాన్ని చూసి తల పట్టుకున్నాడు. “మీ మీట ఇరుక్కుపోయిందమ్మా.”

ఒకసారి నొక్కి వదిలితే ఆ యంత్రం మీద చుక్క పడుతుంది. టైలరమ్మది చుక్క పడింది, పంతులమ్మది పడింది. నాది అక్కడి నుంచి చివరిదాకా గీత. గీతకు లెక్క లేదట. గీత పడితే మీట చెడినట్టట. మనిషి వదల్లేక పట్టుకుని ఉంటుందన్న ఆలోచన ఆ యంత్రం చేసినవాళ్ళకు వచ్చినట్టు లేదు.

“మీట కాదు సార్...” అని డ్రైవరన్నయ్య మొదలుపెట్టాడు.

“అవును సార్, ఇరుక్కుంది,” అన్నాను నేను.

“రేపు మీట మార్చి, ఈ ఒక్క ముక్క మళ్ళీ వేస్తాం. మీది చుక్క పడితే ముగ్గురవుతారు, పదహారేళ్ళు. లేకపోతే పన్నెండు,” అన్నాడు ఉష్ సారు. “ఇంటికెళ్ళి బాగా నిద్రపోండి. ఆలోచించకండి.”

ఆలోచించకుండా ఎలా? ఆట తయారుచేసే కంపెనీలో మన బంధువులుంటే ముందే చెప్పాలని మొదటిరోజే చదివి వినిపించారు. చెబితే నన్ను తీసేస్తారు, దాన్నీ తీసేస్తారు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. కానీ దారంతా నన్ను తొలిచింది ఉద్యోగాల సంగతి కాదు.

మా ఆయన గోడలకు రంగులు వేసేవాడు. ఎత్తైన మేడలకు తాడు మీద వేలాడుతూ వేసేవాడు. ఒకరోజు తాడు తెగింది. ఆసుపత్రిలో డాక్టరు తలుపు తీసుకుని బయటికి వచ్చి ఏమీ అనలేదు. అనకపోవడంతోనే తెలిసింది. తర్వాత నాకేమీ గుర్తులేదు. కింద పడ్డానట, పైట జారిందట, ఎవరో నీళ్ళు చల్లారట. మా చిలక మాత్రం నర్సు ఇచ్చిన వాళ్ళ నాన్న చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడిందట. కంట చుక్క లేదు. కాగితాల మీద సంతకాలు అదే పెట్టింది, బండి అదే మాట్లాడింది.

“ఆడపిల్లకింత రాతిగుండె ఏంటమ్మా,” అని వాళ్ళ మేనత్త నలుగురిలో అంది. నేను అడ్డుచెప్పలేదు. నాకూ అలాగే అనిపించింది. తర్వాత కూడా అది ఏడవడం నేను చూడలేదు. నా ముందు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, ఆటలోకి వచ్చింది. కన్నతండ్రి కోసం ఏడవనిది వీళ్ళ కోసం ఏడ్చిందా అని నాకు మండిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి అది వంటగదిలో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తోంది. గొంతు పాడవకుండా రోజూ చేసే పనే.

“పూలరేకుల ఆట నీదేనా?” అన్నాను చెప్పులైనా విప్పకుండా.

అది నీళ్ళు ఉమ్మేసి నా వైపు తిరిగింది. “అది నీకెలా తెలుసు?”

“నీకొక్కదానికే సంతకం ఉందా?”

దానికి అర్థమైంది. స్టూలు లాక్కుని కూర్చుంది. “అయితే నా మెడ మీద కత్తి పెట్టేది మా అమ్మేనన్నమాట.”

“మాట తిప్పకు. వాళ్ళ నాన్నను పోగొట్టుకున్న పిల్ల ఎక్కడైనా ఆ ఏడుపు అమ్ముకుంటుందా? ఆ రోజు నాతో కలిసి ఏడవాల్సింది కాదటే నువ్వు?”

“అది నా ఏడుపు కాదమ్మా.”

“నీ గొంతు నాకు తెలియదా!”

“గొంతు నాదే. ఏడుపు నీది.”

నాకు తలకెక్కలేదు. అది చేతిలోని గ్లాసు గట్టు మీద పెట్టి నెమ్మదిగా చెప్పింది.

“స్టూడియోలో ముప్పై మంది చేశారు. ఎవరిదీ నచ్చలేదు. అన్నీ నాటకంలా ఉన్నాయన్నారు. నాకు తెలిసిన ఏడుపు ఒక్కటే, నీది. ఆసుపత్రిలో విన్నది. కళ్ళు మూసుకుని అది దింపేశాను. ఒక్కసారికే ఓకే అన్నారు.”

“నేను అలా ఏడవలేదు.”

“ఏడ్చావు.”

“అలా అయితే నాకు తెలియదూ?”

“ఎవరి గురక వాళ్ళకు తెలుస్తుందా?” అంది. అలాంటప్పుడు కూడా దానికి నోరు ఊరుకోదు. తర్వాత గొంతు మారింది. “మధ్యలో ఆగుతుంది, విన్నావా?”

“విన్నాను.”

“అక్కడ నువ్వు ఆగి నా వైపు చూశావు. నేను కూడా ఏడుస్తున్నానా లేదా అని చూశావు. చూసి, మళ్ళీ మొదలుపెట్టావు. నేను ఏడుద్దామనే అనుకుంటున్నానమ్మా అప్పుడు. నువ్వలా చూశాక రాలేదు. ఇప్పటికీ రాదు.”

కుళాయి కారుతోంది. నేను వెళ్ళి బిగించాను. ఏదో ఒక పని చెయ్యాలి కదా.

“తీసెయ్యమని చెప్పు,” అన్నాను దాని వైపు తిరగకుండానే. “మొగుడు పోయినప్పుడు నేను ఏడ్చిన ఏడుపు పిల్లల ఫోన్లలో వినిపిస్తుందంటే నాకెలా ఉంటుంది?”

“ఆ కేక తీసేస్తే నన్నే తీసేస్తారు. పదహారేళ్ళ ముద్ర పడితే వాళ్ళకు ఆడేవాళ్ళు సగమైపోతారు. కాబట్టి వాళ్ళే ముందు కేక పీకేస్తారు. పన్నెండు వస్తే మాత్రం రెండో భాగానికి కూడా నేనే. అందులో మాటలున్నాయమ్మా, పాత్ర ఉంది. పదేళ్ళుగా తలుపులు మూస్తున్నాను. ఒక్కసారైనా వేరే మాట మాట్లాడనీ.”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“నేనేమీ అనను. వేలు నీది, ఇష్టం నీది,” అని గ్లాసు కడిగి బోర్లించి గదిలోకి వెళ్ళిపోయింది. ఎండ గురించి గానీ వాన గురించి గానీ ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు.

మర్నాడు కొత్త మీట తళతళలాడుతోంది. ఉష్ సారు దాన్ని రెండుసార్లు నొక్కి చుక్క పడుతోందని చూసుకున్నాడు.

లైట్లు ఆర్పారు. నేను కుడి చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాను.

పన్నెండేళ్ళ పిల్లలు ఆ కేక వినకూడదు. అది నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. కానీ ఆ రోజు ఆసుపత్రిలో నేను దాని వైపు చూసిన చూపు ఒకటుంది కదా. ఆ చూపుకు బదులుగా దానికి ఇవ్వడానికి నా దగ్గర వేరే ఏమీ లేదు.

మగవాడు రేకులై రాలాడు. ఆడమనిషి తిరిగింది. కేక మొదలైంది. నాదేనని తెలిసి విన్నాను. అయినా నాదిలా అనిపించలేదు. ఎవరో పరాయి ఆడమనిషి, పాపం, అనిపించింది. మధ్యలో ఆగింది. ఆ ఆగిన చోట తొడ కింద వేలు గిలగిలలాడింది. ఇంకా గట్టిగా కూర్చున్నాను. కేక మళ్ళీ అందుకుంది, అయిపోయింది.

ఉష్ సారు లైటు వేసి యంత్రం చూశాడు. రెండు చుక్కలు. “పన్నెండు,” అని రాసుకున్నాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. మర్యాదస్తుడు. “అమ్మా, నిన్న మీది యంత్రం తప్పని తేలిపోయింది. ఈరోజు ఆ కేకకు నా ఒళ్ళే జలదరించింది. మీకేమీ అనిపించలేదా?”

“లేదు సార్.”

“చెయ్యి చల్లబడిందమ్మా. మీ తప్పు కాదు. అందరికీ జరిగేదే.”

టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది. నా కోసమో, తెర మీద ఆమె కోసమో. డ్రైవరన్నయ్య లిఫ్టు దాకా వచ్చాడు.

“నిన్న మీట ఇరుక్కోలేదు. నేను కళ్ళారా చూశాను,” అన్నాడు. “మరి ఈరోజేమైంది చెల్లెమ్మా?”

“ఈరోజు చెయ్యి కింద ఉండిపోయింది అన్నయ్యా.”

ఆయనకు అర్థం కాలేదు. లిఫ్టులోకి అడుగుపెట్టాను. తలుపులు మూసుకుంటున్నాయి అంది నా కూతురు.

“ఈ పిల్ల ఒకతి,” అన్నాడు డ్రైవరన్నయ్య సందులోంచి. “పొద్దస్తమానం ఇదే మాట, పాపం.”

ఆట బజారులోకి వచ్చింది. బాగా ఆడింది. చిలకకు రెండో భాగంలో పాత్ర ఇచ్చారు. ఇంట్లో దాని అడుగుల్లో చురుకు వచ్చింది. నాకు కొత్త చెప్పులు కొనిపెట్టింది. మేము మళ్ళీ ఎండ గురించీ వాన గురించీ మాట్లాడుకుంటున్నాం.

ఒకరోజు పొయ్యి మీంచి గిన్నె దింపుతుంటే మసిగుడ్డ జారి చెయ్యి కాలింది. అబ్బా అని అరిచాను. చిలక గదిలోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగింది. తల కొంచెం పక్కకు వంచి, పెదాలు కదిలీ కదలకుండా, ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఆ తర్వాత “కాలిందా అమ్మా?” అంటూ వచ్చి నా చెయ్యి కుళాయి కింద పెట్టింది. దాని తప్పని నేను అనను. చిలకను చిలకలా ఉండొద్దంటే ఎలా? అయితే అప్పటి నుంచి ఇంట్లో కాలు జారినా, తలుపు సందులో వేలు నలిగినా పళ్ళు బిగబట్టుకుంటున్నాను.

మొన్న సంతకు వెళ్ళి బస్సులో వస్తున్నాను. నా పక్కన స్కూలు సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక పిల్ల కూర్చుంది. రెండు జడలు, చేతిలో ఫోను. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎక్కడో కేక వినిపించింది. మళ్ళీ వినిపించింది. రెండోసారికి గానీ నేను తల తిప్పలేదు. బస్సులో ఇంకెవరూ అసలు తిప్పలేదు.

పిల్ల నా వైపు చూసింది. “సౌండు ఎక్కువైందా అమ్మమ్మా? తగ్గించనా?”

“వద్దులే తల్లీ. ఏం ఆట అది?”

“ఇదా? ఇదిగో, ఈమె పార్టనరు అవుటైపోయాడు. ఒక్కతే మిగిలింది. ఎక్కడో దాక్కుంది. కానీ ఏడుస్తుందిగా, దొరికిపోతుంది.”

“ఏడవకుండా ఉండలేదా?”

“ఉండలేదు. ఆటలో అంతే.” నా అమాయకత్వానికి నవ్వింది. మంచి పిల్ల, విసుక్కోలేదు. ఫోను నాకు కనిపించేలా వంచి పట్టుకుంది. “మీకొక ట్రిక్కు చెప్పనా? మా క్లాసులో నేనే కనిపెట్టాను. ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఒక్కసారి ఆగుతుంది. ఎవరికోసమో చూస్తున్నట్టు పక్కకు చూస్తుంది. అప్పుడు కదలదు. సరిగ్గా అప్పుడు కాల్చాలి.”

కేక మొదలైంది. పైకి లేచింది, చిరిగింది.

“చూడండి, ఇప్పుడు,” అంది పిల్ల, వేలు సిద్ధంగా పెట్టుకుని.

ఆగింది.